నాలుకగారి హాట్ చాక్లెట్

నవంబరు 3, సోమవారం

ఈ డైరీ మా మరదలు ఇచ్చింది. తన బేకరీకి వచ్చేవాళ్ళకి ఏటా పంచుతుంది. ఈ ఏడాదివి ఇంకా కొన్ని మిగిలాయట. "బావా, ఆసుపత్రి వరండాలో మీలో మీరే గొణుక్కుంటుంటే నర్సులు కంగారు పడుతున్నారు. ఇదిగో, ఇందులో గొణుక్కోండి" అని చేతిలో పెట్టింది. నేను గొణుక్కోను. ఆలోచిస్తాను. కాస్త పైకి వినపడేలా ఆలోచిస్తాను, అంతే.

మా ఆవిడను ఈ రోజు ఇంటికి తీసుకొచ్చాం. పేగుల జబ్బు తగ్గింది కానీ మనిషి సగమైంది. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది. వచ్చేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. పాలు, పాలతో చేసినవి ఏవీ ఈవిడకు ఇక పడవు, చుక్క కూడా తగలకూడదు. నెలాఖరున మళ్ళీ చూస్తుంది, అప్పటికి బరువు పెరగాలి. ఇంకా తగ్గితే మళ్ళీ చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఎక్కించాలి. గొట్టం అన్నప్పుడు మా ఆవిడ గోడవైపు చూసింది. నేను డాక్టరమ్మ బల్లమీద పెన్నులు సర్దాను.

నాకేం భయం లేదు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నేను బతికేదే పాల మీద. పాలకేంద్రం ప్రయోగశాలలో నా పని రుచి చూడటం. ట్యాంకరు వస్తుంది, గ్లాసులో పోసి ఇస్తారు, ఒక గుక్క నోట్లో పోసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పుతాను. తర్వాత "దించండి" అంటాను, లేదా "తిప్పి పంపండి" అంటాను. యంత్రాలు ఎన్నున్నా ఆఖరి మాట నాదే. అందుకే అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు; మేనేజరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ నేను నాలుకగారిని. అలాంటివాడి ఇంట్లోంచి ఈ రోజు పాలు, వెన్న, చీజు అన్నీ మూటగట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయాయి.

మా ఆవిడ మాట్లాడటం లేదు. అలిగి కాదు, మాటలు ఇంకిపోయాయి. ఇదివరకు మిక్సీతో కూడా మాట్లాడేది, అది అరుస్తుంటే "సరేలేవే, వినిపించింది" అనేది. ఈ రోజు నేను బూట్లతో హాలంతా తిరిగాను, కావాలనే. ఒక్క మాట అనలేదు. సూపు నాలుగు చెంచాలు తాగి చాలంది. సాయంత్రం గోడగడియారం చూసి మాత్రం, "ఇక చాక్లెట్ కూడా లేదన్నమాట" అంది.

అది ఆవిడ సాయంత్రం కప్పు. నేను పని నుంచి వచ్చే వేళకి చిక్కటి పాలలో చాక్లెట్ కరిగించి, పైన మీగడ వేసుకుని, కిటికీ దగ్గర కూర్చుని తాగేది. ఆ కాసేపూ ఇంటికి నిప్పంటుకున్నా ఆవిడ లేవదు.

"పాలు లేకుండా నేను చేసి పెడతాను" అన్నాను.

"మీరా?" అంది.

ఈ రోజు ఆవిడ నోట వచ్చిన మాటల్లో ప్రాణమున్నది అదొక్కటే.

నవంబరు 4

మేనేజరు మధ్యాహ్నం నుంచి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు, ఈ నెలంతా. మంచివాడే.

వంటింట్లోకి దిగాను. బ్రెడ్డు కాల్చుకోవడం తప్ప నాకు ఆ గదితో పెద్దగా పరిచయం లేదు. అయినా తెల్లటిదేదో తీసుకుని కోకో కలిపి కాచడానికి పెద్ద చదువు కావాలా? బాదంపప్పు నానబెట్టి రుబ్బాను. వడగట్టడానికి బీరువాలో మంచి తెల్లగుడ్డ ఒకటి దొరికింది, సంచీలాగా కుట్టి కూడా ఉంది, భలే పనికొచ్చింది. వచ్చిన బాదంపాలు కాచి కోకో పొడి వేశాను. పొడి కలవలేదు. పైన తేలింది, ఉండలు కట్టింది, గిన్నె అంచులకు పాకింది, నా చొక్కా మీదికి కూడా వచ్చింది. గిన్నెలోకి తప్ప అన్నిచోట్లకీ వెళ్ళింది.

సింకు దగ్గర నిలబడి పద్ధతి ప్రకారం రుచి చూశాను. పలచన. ట్యాంకరైతే తిప్పి పంపేవాణ్ణి.

అయినా కప్పులో పోసి తీసుకెళ్ళాను. వంటింటి తలుపు, పడకగది తలుపు ఎదురెదురే, నాలుగడుగులు. ఎదురుగా నిలబడి చూస్తున్నాను. పెదవికి ఆనించింది. "బాగుందండీ" అని పక్కన పెట్టేసింది.

పెళ్ళయినప్పటి నుంచి నేను చేసినదాన్ని ఈవిడ బాగుందని అన్నది లేదు. మర్యాద చేస్తోంది. ఇది మంచి లక్షణం కాదు.

నవంబరు 5

బాదం. మళ్ళీ పలచన. మళ్ళీ "బాగుందండీ".

నవంబరు 6

పొద్దున్నే మరదలు ఫోను చేసింది.

"కోకో నేరుగా పోశారా? అయ్యో బావా! ముందు రెండు చెంచాల వేణ్ణీళ్ళలో పేస్టులా కలుపుకోవాలి. ఆ తర్వాత పాలు. చిటికెడు ఉప్పు కూడా వెయ్యండి."

"తీపిలో ఉప్పెందుకు?"

"మీరు నాలుకగారా, నేనా?"

వేణ్ణీళ్ళు పెట్టాను. పేస్టు చేస్తే నిజంగానే ఉండలు పోయాయి. ఇవాళ ఓట్స్‌పాలు. ఓట్స్ నానబెట్టి, బాగా రుబ్బి, బాగా కాచాను. ప్రతిదీ బాగా చేయడం నా గుణం. జిగురు తయారైంది. గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది. కప్పులో పోయకుండానే పారేశాను, సింకు ఇంకా మింగుతూనే ఉంది.

మా ఆవిడ మధ్యాహ్నం రెండు బిస్కెట్లు తింది. ఒకటిన్నర.

నవంబరు 8, శనివారం

పాలకేంద్రానికి ఒక ఫ్లాస్కు పట్టుకెళ్ళాను. అందులో బాదంపాలు, ఇంకో సీసాలో కొబ్బరిపాలు. వెన్నశాతం చూసే యంత్రం దగ్గర కూర్చునే మేడం దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. మెల్లగా అడిగితే ఏం లాభం, ప్రయోగశాల అంతా మూగింది.

"ఇదేంటి నాలుకగారూ, శత్రువుని సరాసరి ఇంట్లోకే తీసుకొచ్చారు?" అన్నాడు మేనేజరు, ఫ్లాస్కు మూత తీసి వాసన చూస్తూ.

మేడం మాత్రం రెండూ అందుకుంది. యంత్రంలో పోసి చూసింది. "ఈ లెక్కలు నమ్మకండి, ఇది పాలకోసం చేసిన యంత్రం. కానీ బాదంలో కొవ్వు దాదాపు లేదు. కొబ్బరిలో బోలెడుంది. అమ్మగారు బలం పుంజుకోవాలంటే కొబ్బరే" అంది. తర్వాత, "తింటున్నారా?" అంది.

"ఆ, బ్రహ్మాండంగా" అన్నాను.

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే అమాయకులని ఇన్నాళ్ళూ లారీ డ్రైవర్లను వెక్కిరించాను. ఇప్పుడు తెల్లగా కనపడినదల్లా మూట కట్టుకుని ఊరేగుతున్నది నేనే.

నవంబరు 9, ఆదివారం

కొబ్బరి. మొదట తీసిన చిక్కటి పాలే పోశాను, నీళ్ళు కలపకుండా. కోకో పేస్టు, చక్కెర, చిటికెడు ఉప్పు. రంగు అద్భుతం. పొయ్యి మీద పెట్టి పొంగు కోసం ఎదురుచూశాను. మా వృత్తిలో పొంగు రానిదే దించడం ఉండదు. పొంగు వచ్చింది. దాంతోపాటు నూనె కూడా వచ్చింది. పైన బొట్లు బొట్లుగా, తర్వాత చెరువులా. కొబ్బరిపాలు మరిగితే విరుగుతాయట. ఎవరికి తెలుసు?

పద్ధతి ప్రకారం రుచి చూశాను. నూనె కింద చాక్లెట్ బాగానే ఉంది. పైపైన తోడి కప్పు తీసుకెళ్ళాను.

మా ఆవిడ కప్పులోకి తొంగిచూసింది. చాలాసేపు చూసింది. "ఇందులో వత్తి వేస్తే దీపం వెలుగుతుందండీ" అంది.

వెక్కిరించింది! ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మొదటి వెక్కిరింత! నేను వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తాగలేదనుకోండి. అయినా వెక్కిరించింది.

బరువు చూసుకునే యంత్రాన్ని మంచం కిందికి తోసేశాను. కాలికి అడ్డంగా ఉంది.

నవంబరు 11

ఇది రాయాలని లేదు.

మరదలు సలహాతో నల్ల చాక్లెట్ కొన్నాను. కోకో ఒక్కటే చాలదట, అసలు చాక్లెట్ కరిగితేనే నోట్లో నిండుగా ఉంటుందట. కొబ్బరిపాలలో సగం నీళ్ళు పోసి, మరగనీకుండా, ముక్కలు కరిగించాను. కప్పులో పోస్తుండగా ఫోను మోగింది, మరదలే. ఆ హడావుడిలో రుచి చూడకుండానే కప్పు తీసుకెళ్ళి ఇచ్చేశాను.

ఆశ్చర్యం, వెంటనే అందుకుంది. మిగతా రోజుల్లా వంక పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటోంది. ఇవాళేమిటో ఇంత ఉత్సాహం అనుకుంటూ వెనక్కి వచ్చి, గిన్నెలో మిగిలినది నోట్లో పోసుకున్నాను.

పాలపొడి.

కాచి ఎండబెట్టిన పాల వాసన నిద్రలో కూడా పట్టేయగలను. ఉమ్మడానికి కూడా ఆగలేదు, పరిగెత్తాను. కప్పు పెదవుల దగ్గరుంది. లాక్కున్నాను. దుప్పటి మీద ఒలికింది. "తాగావా? తాగావా?" అని అరిచాను. "లేదండీ, ఇంకా వేడిగా ఉంది" అంది, నన్ను చూసి తనే భయపడింది.

చాక్లెట్ కాగితం మీద అంతా రాసే ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో. కళ్ళజోడు పెట్టుకోకుండా కొన్నాను. కూర్చున్నాక చూసుకుంటే ఆ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపేసి ఉన్నాను. భయం కాదు, కోపం.

భయమే. పేజీ ఒక్కటి నాదేగా, దీనికి కూడా అబద్ధం చెప్పడమెందుకు? ఈవిడ లేని ఇంట్లో నేను బూట్లు ఎక్కడ విప్పాలో కూడా నాకు తెలియదు.

నవంబరు 12

ఏమీ చేయలేదు. సూపు ఇచ్చాను. ఎదురుగా నిలబడ్డాను. అయిదు చెంచాలు.

నవంబరు 14, శుక్రవారం

ఇవాళ బేకరీకి సెలవు. మరదలు పొద్దున్నే సంచీతో దిగింది. పాలు లేని చాక్లెట్ పలక, జీడిపప్పు, తీగల గరిటె. "మీకు ఫోనులో చెప్పడం కంటే గోడకు చెప్పడం నయం" అని నడుం బిగించింది.

జీడిపప్పుని వేణ్ణీళ్ళలో నానబెట్టించింది. తర్వాత కొంచెం నీళ్ళతో మెత్తగా రుబ్బించింది. మెత్తగా అంటే నాకు ఒక అర్థం, ఆవిడకు ఒక అర్థం. రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, "ఇంకా పలుకు తగులుతోంది, తిప్పండి" అంటూ మిక్సీ కాలిపోతుందేమో అనేదాకా తిప్పించింది. నిజంగానే వెన్నలా వచ్చింది. దాన్ని నీళ్ళతో పలచబరిచి సన్నటి మంట మీద పెట్టాం. కోకో పేస్టు, చాక్లెట్ ముక్కలు, చక్కెర, ఉప్పు. "పొంగు కోసం చూస్తే చేయి విరుస్తాను బావా. జీడిపప్పు తనంతట తనే చిక్కబడుతుంది. తిప్పుతూ ఉండండి, చాలు." తిప్పాను. గిన్నెలో పట్టుబట్ట కదిలినట్టు మెరిసింది.

పద్ధతి ప్రకారం సింకు దగ్గరికి వెళ్ళి ఒక గుక్క నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేశాను. పలచనగా అనిపించింది. ఇంకాస్త జీడిపప్పు ముద్ద వేశాను. నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఇంకా చాలదు. మొక్కజొన్నపిండి కలిపాను. మళ్ళీ...

"బావా! ఏం చేస్తున్నారు?"

"రుచి చూస్తున్నాను."

"ఉమ్మేస్తున్నారు!"

"రుచి చూడటమంటే అదేనమ్మా. ఉన్న రుచంతా నాలుక మీదే. మింగేది కడుపు కోసం. రోజుకి అన్ని ట్యాంకర్లు మింగితే నేనుండేవాణ్ణా?"

"అంటే ఇన్ని రోజులూ ఒక్క గుక్క కూడా మింగలేదా? చిక్కదనం గొంతులోకి దిగాక కదా తెలిసేది! అందుకే మీకు ప్రతిదీ పలచనే. ఇలా అయితే ఇది గోడకి పూసేదాకా చిక్కబడుతుంది!"

అప్పుడు పడకగదిలోంచి ఒక శబ్దం వచ్చింది. మొదట దగ్గు అనుకున్నాం. ఇద్దరం పరిగెత్తాం. మా ఆవిడ దిండు పట్టుకుని నవ్వుతోంది. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

"ఇప్పటికైనా అడిగావే తల్లీ! వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. చాక్లెట్ వాసన వస్తుంది, నోరూరుతుంది. అంతలో వంటింట్లోంచి 'థూ' అని వినిపిస్తుంది. మళ్ళీ 'థూ'. ఆ తర్వాత కప్పు పట్టుకుని ఈయన నవ్వుకుంటూ వస్తారు. చేసినవాడే ఉమ్మేసినదాన్ని నేనెలా తాగనే?"

"చెప్పొచ్చు కదక్కా!"

"ఎలా చెప్పను? చొక్కా అంతా కోకో పూసుకుని నిలబడితే! అదీ కాక ఎదురుగా నిలబడి నా గొంతుకేసే చూస్తుంటారు. దించాలా, తిప్పి పంపాలా అన్నట్టు. సూపు కూడా దిగదు."

ఆ పదకొండో తారీకు కప్పు ఎందుకు ఆత్రంగా అందుకుందో అప్పుడు వెలిగింది. ఆ రోజు థూ వినపడలేదు.

మరదలు నేలమీద కూర్చుండిపోయి నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళి మొక్కజొన్నపిండి డబ్బా పైఅలమరలో పెట్టేశాను. ఒక పక్క సిగ్గు, ఒక పక్క ఎగిరి గంతేయాలనుంది. ఆవిడకు ఆకలి చచ్చిపోలేదు. నా థూకి భయపడి దాక్కుంది!

నవంబరు 15

షరతులు పెట్టింది, మంచంలోంచే. వంటింట్లో రుచి చూడకూడదు. ఎదురుగా నిలబడకూడదు. కిటికీ దగ్గర రెండో కుర్చీ వేసుకుని, నా కప్పు నేను తెచ్చుకుని, తనతోపాటు తాగాలి. మింగాలి.

రుచి చూడకుండా కప్పు ఇవ్వడమా! ఏ ట్యాంకరునీ నేను అలా వదల్లేదు. చాక్లెట్ కాగితం కళ్ళజోడు పెట్టుకుని ముందూ వెనకా చదివాను. పోశాను, తెచ్చాను, కూర్చున్నాను. ఒక గుక్క నోట్లో ఉంది. తిప్పాను. అలవాటుగా కాళ్ళు వాటంతటవే లేచాయి.

"కూర్చోండి" అంది.

బుగ్గలు పూరీల్లా పెట్టుకుని కూర్చున్నాను. మింగుడు పడదే! ఇన్నేళ్ళ పని నోటికి నేర్పిన బుద్ధి అది. కిటికీ తెరిచి ఉందా అని చూశాను, మూసి ఉంది. ఆవిడ నా గొంతుకేసే చూస్తోంది.

"ఎలా ఉంది, ఎదురుగా కూర్చుని ఎవరైనా చూస్తుంటే?" అంది.

మింగాను.

వెచ్చగా దిగింది. నాలుక మీద అయిపోయిందనుకున్న రుచి, దిగాక మళ్ళీ కిందినుంచి పైకొచ్చింది. కాస్త చేదు, దాని వెనకే తీపి, గొంతంతా మెత్తగా పూత పూసినట్టు. పలచన కాదు. ఎప్పుడూ కాదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు.

తల తిప్పి చూస్తే ఆవిడ కప్పు సగం ఖాళీ. ఎప్పుడు తాగిందో నేను చూడలేదు. చూడకపోవడమే మందట.

నవంబరు 16

రెండు కప్పులూ ఖాళీ. ఎదురింటి పిల్లి గోడమీంచి పడటం చూశాం.

నవంబరు 18

ఈ రోజు తిట్టింది.

నవంబరు 19

నిన్న ఆనందంలో వివరాలు రాయలేదు. ఆవిడ గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచి వచ్చింది. గుమ్మంలో ఆగి చూసింది. మాడిన గిన్నెలు, గోడమీద కోకో, సింకులో ఓట్స్ జిగురు. అన్నీ ఓర్చుకుంది. అప్పుడు తాడుమీద ఆరేసిన తెల్లగుడ్డ కనపడింది.

"అది నా కొత్త దిండు గలీబు!"

"బాదంపాలు వడగట్టడానికి..."

"గలీబుతోనా? నా దిండు తలకి పెట్టుకునేదా, పిండుకు తాగేదా? ఆ గిన్నె నాన్‌స్టిక్ది, ఇనప గరిటెతో గీకారా? ఏ దేవుడు చెప్పాడండీ మిమ్మల్ని వంటింట్లోకి రమ్మని? ఇంకా ఆ బూట్లేంటి, ఇంట్లో?"

మిక్సీకి కూడా చివాట్లు పడ్డాయి, నన్ను ఆపనందుకు. నేను తలవంచుకుని నిలబడ్డాను. లోపల పండగ. ఒక దశలో ఆవిడకు ఆయాసం వచ్చి స్టూలు మీద కూర్చుంది. "మంచినీళ్ళు తాగి తిట్టు" అన్నాను. తాగి తిట్టింది.

ఆ కోపంలో బ్రెడ్డు రెండు ముక్కలు, ఉడికించిన బంగాళాదుంప ఒకటి తినేసింది. గమనించలేదు. నేనూ గుర్తుచేయలేదు.

నవంబరు 22, శనివారం

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని పెత్తనం తనదే, తిప్పుడు నాది. జీడిపప్పుని నానబెట్టే ముందు దోరగా వేయించమంది. మరదలికి తోచనిది ఇది. వేయిస్తే చాక్లెట్‌కి వెనక ఒక వెచ్చటి వాసన వచ్చింది. పైన మీగడ లేని లోటు నాకుంటే ఉండొచ్చు, ఆవిడ దానికీ దారి కనిపెట్టింది: కొబ్బరిపాల మీద గట్టిగా తేలినదాన్ని చల్లబరిచి, కాస్త చక్కెర వేసి గిలక్కొట్టి ఒక చెంచా పైన వెయ్యమంది. అది నెమ్మదిగా కరిగి అంచుల దాకా పాకింది.

"ఇదెలా తెలిసింది నీకు?" అన్నాను.

"ఆసుపత్రిలో పడుకుని ఏం చేస్తానండీ, ఇదే ఆలోచించాను. పాలు లేకపోతే చాక్లెట్ ఎలా అని. అడుగుతారేమో అని చూశాను. మీరు సరాసరి యుద్ధంలోకి దిగారు."

ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను.

నవంబరు 25

పాలకేంద్రంలో ఘోరం జరిగింది. పొద్దున మొదటి ట్యాంకరు. గ్లాసు ఇచ్చారు. నోట్లో పోసుకున్నాను, తిప్పాను, మింగేశాను.

మేడం చేతిలో సీసా అలాగే ఆగింది.

"నాలుకగారు మింగారు!" అన్నాడు మేనేజరు.

మధ్యాహ్నానికి గేటు దాకా పాకింది. కాపలా మనిషి దగ్గరికొచ్చి, "ఒంట్లో బాగానే ఉందా సార్?" అని అడిగాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కుర్చీలోంచి పడబోయింది.

నవంబరు 27

రేపు డాక్టరమ్మ దగ్గరికి. నాకేం భయం లేదని రాయబోయి ఆగాను. ఉంది. తింటోంది, తాగుతోంది, తిడుతోంది. కానీ గడియారం ఇంకా జారుతూనే ఉంది. మంచం కింది యంత్రాన్ని తీసి ఒకసారి చూద్దామా అని వంగాను. లేచేశాను.

సాయంత్రం కిటికీ దగ్గర ఆవిడ ఉన్నట్టుండి, "గొట్టం వెయ్యాల్సివస్తే చాక్లెట్ అందులోంచి పోస్తారా?" అంది.

"పోస్తే మాత్రం ఏం లాభం, గొంతులో తెలియాలిగా" అన్నాను.

చేయి పట్టుకుంది. కప్పులు చల్లారిపోయాయి, మళ్ళీ వేడి చేసుకున్నాం.

నవంబరు 28, శుక్రవారం

యంత్రం ఎక్కించారు. నేను కళ్ళు మూసుకున్నాను, పాలు తాగే పిల్లిలాగా, నేను చూడకపోతే అంకె కూడా కనపడదన్నట్టు. కాగితాలు తిరగేసిన చప్పుడు. మా ఆవిడ ఊపిరి వినపడుతోంది.

"పెరిగారు" అంది డాక్టరమ్మ. "ఎక్కువ కాదు. కానీ పెరిగారు. గొట్టం అక్కర్లేదు. ఏం పెడుతున్నారో అదే పెట్టండి."

కళ్ళు తెరిస్తే గది కాస్త మసకగా ఉంది. నేను డాక్టరమ్మ బల్లమీద పెన్నులు మళ్ళీ సర్దాను. ఆవిడ సర్దనిచ్చింది.

"ఇంతకీ ఏం పెడుతున్నారు?"

"హాట్ చాక్లెట్. రోజూ. ఇద్దరం" అంది మా ఆవిడ. "డాక్టరుగారూ, ఈయన్ని కూడా ఒకసారి ఎక్కించండి."

వద్దన్నా ఎక్కించారు. నేను ఆవిడకంటే రెట్టింపు పెరిగాను. దిగుతుంటే ప్యాంటు గుండీ ఊడి డాక్టరమ్మ బల్ల కిందికి దొర్లింది. నర్సు వెతికి పెట్టింది. దారంతా ఆవిడ నవ్వుతూనే ఉంది, నేను ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో ఆవిణ్ణి పట్టుకుని నడిచాను.

ఇంటికి రాగానే గుమ్మంలోనే బూట్లు విప్పాను. మంచం కిందినుంచి యంత్రాన్ని లాగి మామూలు చోట పెట్టాను. కాలికి ఏమీ అడ్డం లేదు.

సాయంత్రం నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. జీడిపప్పు వేగుతున్న వాసన, మిక్సీ అరుపు, దాని మీద ఈవిడ అరుపు. "సరేలేవే, వినిపించింది!" నేను కిటికీ దగ్గర కుర్చీలు సర్ది, బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. రెండు కప్పులు వచ్చాయి. మరదలు ఫోను చేసిందని, డాక్టరమ్మ మాట విని బేకరీలో అందరికీ ఉచితంగా బన్నులు పంచిందని చెబుతోంది. పిల్లి గోడమీదికి మళ్ళీ ఎక్కిందని చెబుతోంది. గలీబు మరక పోలేదని, నాతోనే కొత్తది కుట్టిస్తానని చెబుతోంది. నేను వింటున్నాను.

ఉన్నట్టుండి ఆగి, "ఎలా ఉందండీ?" అంది.

నోరు తెరిచాను. నా బతుకంతా జవాబు చెప్పిన ప్రశ్న అది. ఈసారి నాలుక మీద తిప్పి చూడటమే మరిచిపోయాను. కప్పులోకి చూశాను.

"అయిపోయింది" అన్నాను.